ప్రేమ నవలకు కోర్టు స్టెనో

మా మరదలు ఇరవై ఏడు ప్రేమ నవలలు రాసింది. నేను ఒక్కటీ చదవలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు హాయి. లేకపోతే "ఒకే ఇంట్లో ఉంటారు కదండీ, మీరు చదివే ఉంటారు" అంటూ ఎవరో ఒకరు మొదలుపెడతారు, నేను నీళ్ళు నమలాలి.

చదవకపోవడం గర్వం వల్ల కాదు. ముప్ఫై ఒక్కేళ్ళు మొగుడూ పెళ్ళాల తగాదాలు తేల్చే కోర్టులో స్టెనోగా చేశాను. జడ్జిగారి పెద్ద బల్ల ముందు నాదో చిన్న బల్ల, ఎదురుగా సాక్షి బోను. ఒకప్పుడు ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టినవాళ్ళే ఆ బోనెక్కి ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకుంటుంటే, పొల్లుపోకుండా రాసుకున్నదాన్ని. పగలంతా ఆ గోల విని, సాయంత్రం ఇంటికొచ్చి ప్రేమకథ చదవమంటే నా వల్ల కాదు బాబూ. నా పెళ్ళి సంగతి అడగొద్దు. అదీ ఆ కోర్టు వరండాలోనే తేలిపోయింది.

మా తమ్ముడికి మోటార్లు రిపేరు చేసే షాపుంది. కాలిపోయిన మోటారు విప్పి, పాత రాగి తీగ లాగేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. వాడూ మరదలూ కింది వాటాలో ఉంటారు, నేను పైన రెండు గదుల్లో ఉంటాను. మా మధ్య పదహారు మెట్లు. ఆ మెట్లే మా సఖ్యతకు కారణమని నా నమ్మకం.

మరదలి పద్ధతులు కొంచెం వేరు. పొద్దున తొమ్మిదిన్నరకు బయటికెళ్ళే బట్టలు కట్టుకుంటుంది. చెప్పులేసుకుని, హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని, "వెళ్ళొస్తా" అని మా తమ్ముడికి చెప్పి వీధి తలుపులోంచి బయటికి వెళుతుంది. వెళ్ళి ఎక్కడికో పోతుందా అంటే, లేదు. ఇంటి పక్క సందులోంచి చుట్టూ తిరిగొచ్చి, పెరటి తలుపు తీసుకుని, వంటగది వెనకున్న చిన్న గదిలో కూర్చుంటుంది. అదీ ఆవిడ ఆఫీసు. ఒంటిగంటకు మళ్ళీ అదే సందులోంచి చుట్టూ తిరిగి ఇంటికొస్తుంది. వానొస్తే గొడుగేసుకుని మరీ.

మొదటిసారి పై నుంచి చూసి, పిచ్చి పట్టిందేమో అని నిజంగానే భయపడ్డాను. అడిగితే, "వదినా, వంటగదిలోంచి ఆ గదిలోకెళితే పొయ్యి కట్టేశానా, పాలు మూత పెట్టానా అన్న ధ్యాసే. వీధిలోంచి వెళితే నేను ఉద్యోగస్తురాలిని" అంది. ఆ మాట నాకు నచ్చింది. ఆవిడతో చెప్పలేదనుకోండి.

ఆకుపచ్చ సిరా తప్ప వాడదు. కాఫీ కలిపి పక్కన పెట్టుకుని, పూర్తిగా చల్లారాకే తాగుతుంది. తన నవలల్లో ఏ హీరో చేతా పువ్వులిప్పించదు. "పువ్వులు కొనడానికేం, ఎవడైనా కొంటాడు" అంటుంది. ఆవిడ హీరోలందరూ చేతిపనివాళ్ళే. ఒకడు లిఫ్టులు బాగుచేస్తాడు, ఒకడు అద్దాలు కోస్తాడు, ఇంకొకడు నీళ్ళల్లో దిగి మునిగిపోయిన పడవలు పైకి తీస్తాడు. బుధవారం మధ్యాహ్నం సిటీ బస్సెక్కి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళొస్తుంది, జంటలున్న సీటు వెనకే చూసుకుని కూర్చుంటుంది. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారన్నది ఆవిడకు అక్కర్లేదు. ఎక్కడ మాట ఆపారో అదే కావాలి. ఇవన్నీ మా తమ్ముడు చెబితే తెలిసినవి. వాడు ప్రతి శుక్రవారం వారపత్రిక కొని, షాపులో వార్నిష్ ఆరేలోగా సీరియల్ చదివేస్తాడు. ఇంటికొచ్చి ఆవిడతో మాత్రం దాని గురించి ఒక్క మాట మాట్లాడడు. ఇద్దరూ ఇద్దరే.

మా మరదలికి నోట్లో నాలుక లేదు. కాగితం మీద ఎంత వాగ్ధాటో, నోటితో అంత పొదుపు. ఒకసారి పాఠకుల సభలో "మీ నవల్లో ఒక పేజీ చదవండమ్మా" అని అడిగితే గొంతు పట్టేసిందని చేత్తో సైగ చేసి కూర్చుందట. తను రాసిన ప్రేమ మాట తన చెవులతో తను వినలేదు. అలాంటి మనిషికి చెయ్యి పోయింది.

ఇరవై ఎనిమిదో నవల సీరియల్‌గా వస్తోంది. మొత్తం ఇరవై నాలుగు భాగాలు. పంతొమ్మిదో భాగం రాస్తుండగా కుడి చేతిలో వణుకు మొదలైంది. ఆ భాగం ఎలాగో ముగించింది కానీ, పది రోజుల్లో కలం పట్టు తప్పిపోయింది. డాక్టరు సూదులతో పొడిచి, కరెంటు పెట్టి చూసి, "నరం దెబ్బతింది. గరిటె పట్టుకోగలరు. కలం కష్టం" అన్నాడు. ఎన్నాళ్ళు అనడిగితే తల అడ్డంగా ఊపాడు. ఎడమ చేత్తో ప్రయత్నించింది. రోజంతా కూర్చుంటే నాలుగు వాక్యాలొచ్చాయి. అవీ కోడి కెలికినట్టున్నాయి.

రెండు వారాలు సీరియల్ ఆగిపోయింది. మూడో వారం ఎడిటరు ఫోన్ చేశాడు. "సోమవారానికి ఇరవయ్యో భాగం రావాలమ్మా. రాకపోతే మిగతాది మా కుర్ర రచయిత చేత రాయించేస్తాం. పేరు మీదే వేస్తాంలెండి, మీకేం నష్టం లేదు" అన్నాడట.

ఆ సాయంత్రం మరదలు పదహారు మెట్లెక్కి పైకొచ్చింది. నిలబడే చెప్పింది. "వదినా, నేను చెబుతాను, మీరు రాయండి. ఈ నవల నేనే పూర్తి చేస్తాను. ఇదొక్కటి వేరేవాళ్ళ చేతిలో పెట్టానంటే, ఇంక నేను రచయిత్రిని కాను. నాకిక ఆఫీసు లేదు."

"నీ నవలలు నేను చదవలేదే" అన్నాను.

"తెలుసు. అందుకే మీ దగ్గరికొచ్చాను. చదివినవాళ్ళైతే సలహాలిస్తారు."

మర్నాడు తొమ్మిదిన్నరకు నా పెన్సిళ్ళు చెక్కుకుని, నేను కూడా వీధిలోంచి చుట్టూ తిరిగే ఆ ఆఫీసులోకి వెళ్ళాను. పద్ధతి పద్ధతే కదా. ఆవిడ కుర్చీలో కూర్చుంది. గొంతు సవరించుకుంది. కిటికీలోంచి చూసింది. చీర కొంగు సరిచేసుకుంది. మళ్ళీ గొంతు సవరించుకుంది.

"చెప్పు" అన్నాను.

"వదినా, మీరు అటు తిరిగి కూర్చుంటారా?"

తిరిగాను. పావుగంట గడిచినా మాట రాలేదు. తర్వాత నన్ను వంటగదిలో కూర్చోబెట్టి, తలుపు ఓరగా వేసి గొణిగింది. నాకేమో సగమే వినిపించింది. "సాక్షి గట్టిగా చెప్పాలి!" అని అలవాటు కొద్దీ అరిచాను. దెబ్బకు ఆ సగం కూడా ఆగిపోయింది. ఇదీ మా మొదటి రోజు.

కథేమిటంటే, రైల్వే స్టేషన్లో ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్లు దాచే గది ఉంటుంది. హీరోయిన్ అందులో గుమాస్తా. హీరో రేవులో క్రేను నడుపుతాడు. ఆ అమ్మాయిని చూడ్డానికి ప్రతి గురువారం వచ్చి, లేని సంచి ఒకటి పోయిందని వెతికిస్తుంటాడు. "తప్పుడు ఫిర్యాదు ఇస్తే కేసవుతుంది, తెలుసా?" అన్నాను నేను. తలుపు ధడాలున మూసుకుంది. కోపమొచ్చిందన్నమాట.

ఆదివారం దాకా అలాగే ఈడ్చాం. ఇరవయ్యో భాగంలో హీరో మొదటిసారి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకోవాలి. ఆవిడ ముక్కలు ముక్కలుగా, మధ్యలో దగ్గుతూ, సిగ్గుపడుతూ ఏదో చెప్పింది. నేను ఏదో రాసుకున్నాను. సోమవారం మధ్యాహ్నం పైకెళ్ళి గబగబా టైపు కొట్టి, కవర్లో పెట్టి, మా తమ్ముడి చేత పత్రికాఫీసుకు పంపించేశాను. చదివి చూసుకునే టైము లేదు. అక్కడ ఎడిటరూ చదవలేదు. ఇరవయ్యేళ్ళుగా రాస్తున్న ఆవిడే కదా అని నేరుగా ప్రెస్సుకు పంపేశాడు.

శుక్రవారం పత్రిక వచ్చింది. మా తమ్ముడు షాపు మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

ఇక్కడ నా పని గురించి కాస్త చెప్పాలి. కోర్టులో ప్లీడరు ప్రశ్న అడుగుతాడు, సాక్షి జవాబు చెబుతాడు. మేం మాత్రం ప్రశ్నలు వదిలేసి, జవాబులన్నీ కలిపి సాక్షి తానే చెప్పుకుపోయినట్టు రాస్తాం. ముప్ఫై ఒక్కేళ్ళు అదే రాసిన చెయ్యి, మరదలి ముక్కలన్నిటినీ ఏం చేసిందనుకున్నారు? అచ్చులో చూద్దును కదా, ఇలా ఉంది:

"నేను అతనిని పదకొండు నెలలుగా ఎరుగుదును. గురువారం సాయంత్రం నాలుగు గంటల ప్రాంతమున అతడు కౌంటరు వద్దకు వచ్చెను. ఆ సమయమున గదిలో వేరెవ్వరూ లేరు. అతడు నా కుడి చేయి పట్టుకొనెను. నేను అభ్యంతరం చెప్పలేదు. చేయి విడిపించుకొనుటకు నేను ప్రయత్నించితిననుట నిజము కాదు."

మా తమ్ముడు నవ్వాపుకోలేక గోడకు ఆనుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా వల్ల ఆవిడ పరువు గంగలో కలిసిపోయిందే అనుకున్నాను. మరదలు పత్రిక తీసుకుని ఆఫీసులోకెళ్ళి తలుపేసుకుంది. ఈసారి వీధిలోంచి కాదు, వంటగదిలోంచే వెళ్ళింది. అది చూశాక నాకింకా భయమేసింది.

గంట తర్వాత బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిడుతుందనుకుని, తిట్టనీ, పడదాం అని సిద్ధంగా నిలబడ్డాను.

"వదినా, ఇది ఘోరం" అంది. "నా నవలని చంపేశారు."

"చంపేశాను. ఒప్పుకుంటున్నాను."

"కానీ ఈ 'అభ్యంతరం చెప్పలేదు' అన్న ముక్క ఉంది చూశారా, ఇరవై ఏడు నవలల్లో నా హీరోయిన్ ఎవత్తీ ఇంత తిన్నగా మాట్లాడలేదు. అన్నీ తిప్పి తిప్పి చెప్పించాను నేను." పత్రిక మడిచి నా చేతిలో పెట్టింది. "రేపటి నుంచి నన్ను చెప్పమనకండి. అడగండి."

"ఏమని?"

"కోర్టులో ప్లీడర్లు అడుగుతారే, అలా. నేను ఆ పిల్లని. నన్ను బోనెక్కించండి."

శనివారం మొదలుపెట్టాం. కుర్చీ తీసేశాం, ఆవిడ నిలబడింది. కిటికీ చువ్వ పట్టుకుంది. నేను బల్ల ముందు కూర్చుని అడగడం మొదలుపెట్టాను. "ఆ రోజు అతను ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?" ఠక్కున చెప్పింది. "చొక్కా చూశావంటే మనిషిని ఎంతసేపు చూసుంటావు?" తడబడింది, అయినా చెప్పింది. "సంచి లేదని నీకు ముందే తెలుసా?" తెలుసంది. "తెలిసీ ప్రతి గురువారం ఎందుకు వెతికావు?" దానికి చాలాసేపు ఊరుకుంది. నేను తొందరపెట్టలేదు. నోరు పెగలని సాక్షి దగ్గర ఓపిగ్గా కూర్చోవడం నాకు కొత్త కాదు. తర్వాత చెప్పింది. ఏం చెప్పిందో ఇరవై ఒకటో భాగంలో ఉంది. నేనది రాసుకుంటూ, ఓసి దీని దుంపతెగ, ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచింది అనుకున్నాను.

రాసుకున్నది రాసుకున్నట్టు చదివి వినిపిస్తే, ఆవిడ ఒక్కో వాక్యం పట్టుకుని మార్చేది. ఒక మాట కోసం గంటసేపు నిలబెట్టేది. "ఆ పిల్ల అలా అనదు, కొట్టెయ్యండి." "ఇప్పుడన్నావుగా!" "అన్నది నేను. ఆ పిల్ల అనదు." నా అరవై మూడేళ్ళ వయసులో ఏ జడ్జీ నన్ను అంత ఏడిపించలేదు. కాళ్ళు లాగుతున్నా కూర్చునేది కాదు. ఒంటిగంటకు ముగియాల్సింది రెండున్నర దాటేది. మూడు వారాల్లో మూడు భాగాలు పంపాం. ఆవిడ గొంతు రోజురోజుకీ గట్టిపడింది. అయినా పెరటి వైపు ఎవరి అడుగు చప్పుడైనా వినిపిస్తే చాలు, టక్కున నోరు మూసేసేది. మా తమ్ముడు దగ్గినా అంతే.

ఇక మిగిలింది ఆఖరి భాగం. సరిగ్గా అప్పుడే ఎడిటరు దగ్గర్నుంచి కవరొచ్చింది. "ఇరవయ్యో భాగం నుంచీ రాత మారిపోయింది. ఈ రాత మీది కాదని, కోర్టులో పనిచేసిన మీ బంధువుదని తెలిసింది. ముగింపు విషయంలో ప్రయోగాలు కుదరవు. చివరి భాగం మావాళ్ళ చేత రాయించుకుంటున్నాం. మీ ఆరోగ్యం జాగ్రత్త."

చదివి నేను ఊగిపోయాను. "నేను రాయడమేమిటి! ప్రమాణం చేసి చెబుతాను పద, టైపు కొట్టడం తప్ప నాకేం తెలుసు!" అని గంతులేశాను. మరదలు మాత్రం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. టైము చూస్తే తొమ్మిది ఇరవై. చెప్పులేసుకుంది. "ఏవండీ, షాపుకు ఆలస్యంగా వెళ్ళండి. మీరూ రండి వదినా" అంది. వీధిలోకొచ్చాక సందు వైపు తిరగలేదు. నేరుగా బస్టాపుకు నడిచింది.

పత్రికాఫీసు మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి హాలు, అటూ ఇటూ బల్లలు, ప్రూఫులు దిద్దేవాళ్ళు, బొమ్మలేసేవాళ్ళు. చివర ఎడిటరు గది. గది అంటే నడుం దాకా చెక్క, పైన అద్దం, ఆపైన అంతా ఖాళీయే. లోపల దగ్గితే హాలంతా వినిపిస్తుంది. ఎడిటరు మమ్మల్ని చూసి లేచి, "అయ్యో, ఈ పరిస్థితిలో మీరెందుకొచ్చారమ్మా" అన్నాడు. మర్యాదస్తుడే, కాదనను.

"ఆఖరి భాగం ఇచ్చి వెళదామని" అంది మరదలు.

"తెచ్చారా?"

"లేదు. ఇక్కడే చెబుతాను. మీ టైపిస్టుని పిలవండి."

ఎడిటరు నా వైపు చూశాడు. ఆ చూపు మరదలికి అర్థమైంది. "మా వదిన బయట కూర్చుంటుంది" అంది.

ప్రశ్నలు అడగడానికి నేను లేకపోతే? చెయ్యి పట్టుకుని, "పిచ్చిదానా, అందరూ వింటారే. నీ వల్ల కాదు. ఇంటికెళ్ళి చేద్దాం" అని గొణిగాను. ఆవిడ నా చెయ్యి తీసేసింది. "వల్ల కాకపోతే వాళ్ళన్నదే నిజమవుతుంది వదినా. వెళ్ళండి" అంది.

ముప్ఫై ఒక్కేళ్ళు సాక్షికి మూడడుగుల దూరంలో కూర్చున్నదాన్ని, ఆ రోజు తలుపవతల బల్ల మీద తమ్ముడి పక్కన కూర్చున్నాను. అద్దంలోంచి ఆవిడ వీపు కనిపిస్తోంది. టైపిస్టు అమ్మాయి మిషను ముందు చేతులు పెట్టుకుని కూర్చుంది. ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలయింది. ఎడిటరు గడియారం చూసుకున్నాడు. మా తమ్ముడు మోకాళ్ళ మీద చేతులు నలుపుకుంటున్నాడు. నాకు లోపలికెళ్ళి ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క ప్రశ్న అందించి రావాలనిపించింది. ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

అప్పుడు మొదలుపెట్టింది. ముందు వాక్యం వినిపించలేదు. రెండోది వినిపించింది. హీరోయిన్ చేతిలో బదిలీ కాగితం ఉంది, మర్నాడు రైలు. ఆ సాయంత్రం రేవుకు వెళ్ళి క్రేను నిచ్చెన ఎక్కుతోంది. నూట పన్నెండు మెట్లు. ఒక్కో మెట్టు దగ్గర కింద ఏం కనిపించిందో, చేతికి ఇనుము ఎంత చల్లగా తగిలిందో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుందో మరదలు చెబుతోంది. మిషను టకటక ఆగకుండా నడుస్తోంది. బల్లల దగ్గర ఒకాయన కలం కింద పెట్టాడు. బొమ్మలేసే పిల్ల బ్రష్షు కడగడం ఆపేసింది. మా మరదలు గొంతు తగ్గించలేదు సరికదా, ఇంకా పెంచింది.

"పైకెక్కి తలుపు కొట్టింది," అంటోంది. "అతను తీశాడు. సంచి దొరికిందా అన్నాడు. దొరకలేదు, అంది ఆమె. లేని సంచి ఎలా దొరుకుతుంది? నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంక గురువారాలు నా వల్ల కాదు. నేను రేపు రైలెక్కను. ఎక్కమని నువ్వు చెప్పినా ఎక్కను. నాకు నువ్వు కావాలి. ఇంతకంటే మంచి మాట నాకు చేతకాదు. నాకు నువ్వు కావాలి."

మిషను ఆగింది. నాకు ఏడుపొచ్చింది. వచ్చింది కాబట్టి వచ్చిందని చెబుతున్నాను, నాకేం సిగ్గు లేదు. పక్కకి చూస్తే మా తమ్ముడు లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో.

ఎడిటరు టైపిస్టు దగ్గరికెళ్ళి కాగితం లాగి చూశాడు. చాలాసేపు చూశాడు. "కింద ఆవిడ పేరు వెయ్యమ్మా" అన్నాడు. తర్వాత మరదలి వైపు తిరిగి, "క్షమించండి. ఇంకెవరి చేతా రాయించం. ఎప్పుడూ" అన్నాడు. ఆవిడ తలూపి, బ్యాగులోంచి ఆ నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టేసి బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే మాత్రం నా భుజం పట్టుకుంది.

వీధిలోకొచ్చాక బస్టాపు వైపు నడిచాం. మా తమ్ముడు ఒక అడుగు ముందు నడుస్తున్నాడు, ఉన్నట్టుండి ఆగిపోయాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు, "ముప్ఫై మూడేళ్ళయింది. ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదే."

మరదలు కూడా ఆగిపోయింది. కలం పట్టలేని ఆ కుడి చేత్తోనే వాడి మోచెయ్యి పట్టుకుంది.

"ఇవాళే కదండీ నోరొచ్చింది" అంది. "పదండి ఇంటికి. చెబుతాను."

నాకు బజార్లో పనుందని, మీరిద్దరూ వెళ్ళండని చెప్పి పక్క వీధిలోకి తిరిగిపోయాను. ఏ పనీ లేదు. నిలబడి పచ్చి అబద్ధం ఆడాను.